నిద్ర లేపిన పాపం ఎవరిది?

మన అరుగు మీద ఈసారి కబుర్లు కాస్త వింత దారి పట్టబోతున్నాయి. పండగల గురించో పచ్చళ్ల గురించో రాస్తానని ఎదురు చూస్తున్నవారు మన్నించాలి. తప్పు నాది కాదు, పీళమేడు నుంచి ఉత్తరం రాసిన ఒక చెల్లెలిది.

ఆవిడ ఇలా రాసింది: "అక్కా, మా వాడికి తొమ్మిదేళ్లు. బడి నుంచి వచ్చీ రాకముందే ఆ జపాను రాక్షసుల సినిమాలు పెట్టుకుంటాడు. గాడ్జిల్లా అంట, మోత్రా అంట, ఒకటే ఇళ్లు కూలేదీ ఊళ్లు తగలబడేదీ. భారతం చెబుతాను రారా అంటే పారిపోతాడు. కట్టెయ్యమంటే ఏడుపు. వీడు ఏమైపోతాడో అని దిగులుగా ఉంది. మీరేమంటారు?"

రెండేళ్ల కిందట ఈ ఉత్తరం వచ్చి ఉంటే, "కట్టెయ్యమ్మా, కట్టేసి వాడి చేతికి ఒక బొమ్మల రామాయణం ఇయ్యి" అని ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని. ఇప్పుడు అలా అనలేను. ఎందుకో చెప్పాలంటే మా మనవడి సంగతి చెప్పాలి.

మా అబ్బాయి కాపురం చెన్నైలో. వాడి కొడుక్కి అప్పుడు పదేళ్లు. వేసవి సెలవులకు కోయంబత్తూరులో నా దగ్గర వదిలి వెళ్లారు. ఆ ముందు మార్గశిరంలోనే మా ఇంటాయన పోయారు. తాతంటే వాడికి ప్రాణం. అయినా ఆ వార్త విన్న రోజు నుంచీ వాడు తాత పేరు ఎత్తలేదట, ఒక్కసారి ఏడవలేదట. "అదేమిటో అత్తా, రాయిలాగా ఉండాడు" అని కోడలు నాతో చెప్పుకుని బాధపడింది. నా దగ్గర కూడా అంతే. పెట్టింది తింటాడు, పడుకుంటాడు. నేను తెలుగులో అడిగితే వాడు అరవంలో జవాబిస్తాడు. మన ఇళ్లలో ఇది ఎవరికీ కొత్త కాదు లెండి. నాయక రాజుల కాలంలో దిగివచ్చి నాలుగైదు వందల ఏళ్లు ఇంట్లో తెలుగు నిలబెట్టుకున్నవాళ్లం, టీవీ పెట్టె ముందు ఒక్క తరంలో ఓడిపోతున్నాం.

ఒక మధ్యాహ్నం వాడు ఒక పాత నలుపు తెలుపు బొమ్మ పెట్టుకున్నాడు. మాటలు జపాను భాషలో, కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతున్నాయి. నాకు కూడబలుక్కుని చదివేంత ఇంగ్లీషు వచ్చు గానీ, ఆ పరుగు అందుకోవడం నా వల్ల కాదు. "ఏమంటున్నార్రా?" అని అడిగాను. అరవంలో చెప్పబోయాడు. "నాకు తెలుగులో చెబితేనే మనసుకు ఎక్కుతుంది కన్నా" అన్నాను. అది నిజం కాదని వాడికీ తెలుసు, మదురైలో పుట్టి పెరిగినదాన్ని. కానీ ఎందుకో వాడు చెప్పడం మొదలుపెట్టాడు. "పడవ ఒకటి పోతా ఉండాది అవ్వా. వెలుతురు వచ్చింది. పడవ కాలిపోయింది."

అది 1954 నవంబరు 3న జపానులో విడుదలైన మొట్టమొదటి గాడ్జిల్లా సినిమా. అక్కడివాళ్లు "గొజిర" అంటారు. గొరిల్లాకు వాళ్లు అనే మాటనూ, తిమింగలానికి అనే మాటనూ అతికించి కట్టిన పేరు. దర్శకుడు ఇషిరో హోండా. సముద్రగర్భంలో దాగి ఉన్న పురాతన జంతువు ఒకటి హైడ్రోజన్ బాంబు పరీక్షల దెబ్బకు కదిలి వస్తుంది. 50 మీటర్ల ఎత్తు. టోక్యో నగరం మీద పడి తొక్కుకుంటూ, నోటి నుంచి వేడి ఊదుతూ పోతుంది. కథ అంతే. కానీ ఆ పడవ ఉంది చూశారూ, అది కల్పన కాదు.

అదే 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో ఒక హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. హిరోషిమా మీద వేసిన దానికి సుమారు వెయ్యి రెట్ల శక్తి. ఆ దరిదాపుల్లో ట్యూనా చేపలు పట్టుకుంటున్న ఒక జపాను పడవ మీద తెల్లటి బూడిద వాన కురిసింది. పడవలో 23 మంది. అందరికీ జబ్బు చేసింది. రేడియో చూసుకునే అయికిచి కుబొయామా సెప్టెంబరు 23న ఆసుపత్రిలో చనిపోయాడు. నెలన్నర తిరక్కముందే సినిమా హాళ్లలో ఈ బొమ్మ. హాల్లో కూర్చున్నవాళ్లకు ఆ మొదటి పడవను చూడగానే ఏం గుర్తొచ్చి ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. పైగా వాళ్లు తొమ్మిదేళ్ల కిందటే 1945లో హిరోషిమా, నాగసాకి పోగొట్టుకున్నవాళ్లు. అదే ఏడు మార్చిలో ఒక్క రాత్రి కురిసిన నిప్పు బాంబులకు టోక్యోలో సుమారు లక్షమంది కాలిపోయారు. యుద్ధం ముగిశాక అమెరికా ఏలుబడిలో కొన్నేళ్లపాటు ఆ అణుబాంబు సంగతి నోరారా రాయనివ్వలేదు, చూపనివ్వలేదు. 1952లో ఆ ఏలుబడి ముగిసింది. హోండా స్వయంగా సైన్యంలో పనిచేసి, చైనా నుంచి తిరిగి వస్తూ హిరోషిమా మీదుగా వెళ్లినవాడు. ఆయన గాడ్జిల్లాను తోకా పళ్లూ ఉన్న వినోదంగా తియ్యలేదు. ఆ ఒక్క ఏడాదిలో జపానులో 96 లక్షల టిక్కెట్లు తెగాయంటే, జనం వినోదానికే పోయారని నేను అనుకోను.

ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిసినవి. ఆ మధ్యాహ్నం నాకు తెలిసిందల్లా పక్కన కూర్చున్న పిల్లవాడు చెప్పిందే.

ఊరు తగలబడుతూ ఉంటుంది. ఒక గోడ పక్కన ఒక తల్లి పిల్లల్ని పొదువుకుని కూర్చుని ఏదో అంటుంది. మా వాడు చదివాడు. చదివి ఊరుకున్నాడు. "ఏమన్నదిరా ఆయమ్మ?" అన్నాను. జవాబు లేదు. బొమ్మ ముందుకు పోయింది. మళ్లీ అడిగాను. అప్పుడు, టీవీ వంకే చూస్తూ అన్నాడు: "ఇంకొంచెం సేపట్లో మీ నాన్న దగ్గరికి పోతాం అంటా ఉండాది."

నేను ఏమీ అనలేదు. కాసేపటికి వాడే అన్నాడు: "తాత దగ్గరికి అట్ల పోకూడదు గదా అవ్వా?"

బొమ్మ ఆపేశాం. ఆ తర్వాత గంటసేపు మేం మాట్లాడుకున్నది ఇక్కడ రాయను. వాడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను అని మాత్రం చెబుతాను. మాట్లాడినదంతా తెలుగులోనే.

మర్నాడు మిగతా సగం చూశాం. ఆఖరున గాడ్జిల్లా సముద్రం అడుగున చచ్చిపోతుంది. ఊరంతా బూడిద చేసిన జంతువు అది, చావాల్సిందే. అయినా మా వాడు అన్నమాట, "పావం అవ్వా అది. నిద్రపోతా ఉండింది. వాళ్లే గదా లేపారు?"

చెల్లెమ్మా, అక్కడ నాకు మన కుంభకర్ణుడు గుర్తొచ్చాడు.

ఆలోచించి చూడు. వాల్మీకి యుద్ధకాండలో కుంభకర్ణుణ్ని నిద్ర లేపే ఘట్టం పిల్లలకు చెబితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. శంఖాలు ఊదడం, భేరీలు మోగించడం, ఏనుగుల చేత తొక్కించడం, పక్కనే మాంసం రాశులు పోసి పెట్టడం. లేచి ఆవులించి, తిని, తాగి, విషయం ఏమిటని అడుగుతాడు. అన్నగారు సీతను ఎత్తుకొచ్చాడు, యుద్ధం వచ్చింది అంటారు. అప్పుడు ఆ కొండంత మనిషి అన్నకు ముఖం మీదే బుద్ధి చెబుతాడు, నువ్వు చేసింది తప్పు అని. చెప్పి, అయినా సరే యుద్ధానికి పోతాడు. వానరుల్ని తొక్కుకుంటూ, నలుపుకుంటూ నడుస్తాడు. చివరికి రాముడి బాణాలకు ఆ శరీరం సముద్రంలో పడి చేపల్నీ మొసళ్లనీ నలిపేస్తుంది. మన తమిళ దేశంలో కంబన్ ఇంకొక అడుగు వేశాడు. ఆయన రాసిన కుంభకర్ణ వధ పటలం పట్టిమన్రాలలో ఎన్నిసార్లు విన్నామో మనకు లెక్క లేదు. విభీషణుడు వచ్చి రాముడి వైపు రమ్మని పిలిస్తే, ఇన్నాళ్లు అన్నం పెట్టి పెంచిన అన్నను విడిచి రాలేనంటాడు. ఆ ఘట్టం దగ్గర సభలో ముసలివాళ్లు కళ్లు తుడుచుకోవడం నేను మదురైలో చూశాను. రాక్షసుడి కోసం ఏడవడం మన పెద్దలకు వచ్చు. జపానువాళ్లకూ వచ్చు. ఈ బొమ్మల్లో నన్ను పట్టుకున్నది అదే.

నేను మా వాడికి ఆ కథ చెప్పాను. వాడు పారిపోలేదు. "గాడ్జిల్లా ఆరునెల్లు నిద్రపోతాదా?" అని అడిగాడు, అంతే తేడా.

మదురైలో పుట్టినవాళ్లకు ఇంకొక లాభం ఉంది. మన ఊరిచుట్టూ మూడు గాడ్జిల్లాలు పడుకుని ఉన్నాయి. ఆనైమలై, నాగమలై, పసుమలై. తిరువిళైయాడల్ పురాణంలో ఆ కథ ఉంది. మదురైని నాశనం చెయ్యడానికి శత్రువులు మాయ యాగం చేసి ముందు కొండంత ఏనుగును పంపారట, సోమసుందరేశ్వరుడు విల్లు పట్టి దాన్ని కూల్చాడు. తర్వాత పెద్ద పామును పంపారు. ఆ తర్వాత ఆవును పంపారు. ఆవును చంపితే పాపం కనుక ఈశ్వరుడు నందిని ఎదురు పంపితే, ఆ నంది అందం చూసి మాయావు గుండె జారి పడిపోయిందట. పడినవి పడినచోటే కొండలయ్యాయి. అచ్చంగా జపాను బొమ్మ కథ కాదూ? ఊరి మీదికి ఒకదాని తర్వాత ఒకటి రావడం, చివరికి మనవైపు నుంచి కూడా ఒక పెద్ద జంతువు బయలుదేరడం. కథలో వాటిని పంపినవాళ్లు సమణులు, అంటే జైనులు అంటారు. శైవులకూ వాళ్లకూ పడని కాలంలో పుట్టిన మాట అది. అదే ఆనైమలై రాతి మీద జైన తీర్థంకరుల శిల్పాలు ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఎవరిదీ గొడవ లేదు.

మా పుట్టిల్లు తిరుమల నాయకర్ మహలుకు దగ్గర. చిన్నప్పుడు మిద్దె మీద పడుకుంటే, ఈశాన్యం వైపు ఆనైమలై తొండం చాచి పడుకున్నట్టే కనబడేది. మా అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. "అది చావలేదే, నిద్రపోతా ఉండాది. గట్టిగా అరిస్తే లేస్తుంది" అని చెప్పాడు. ఎన్నాళ్లో నేను మిద్దె మీద గుసగుసగానే మాట్లాడాను. మా అమ్మ నా నెమ్మది చూసి మురిసిపోయేది, అసలు సంగతి తెలియక. అన్న పోయి పదకొండేళ్లయింది.

సరే, ఆ బొమ్మలు తీసిన విధం కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఆడవాళ్లకు అది చాలా బాగా అర్థమవుతుంది. ఆ మాయలన్నీ చేసినాయన పేరు ఎయిజి త్సుబురాయ. ఆయనకు 1933 నాటి అమెరికా సినిమా కింగ్ కాంగ్ అంటే పిచ్చి. అందులో చిన్న బొమ్మను కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కొక్క ఫొటోగా తీశారు. అలా తియ్యాలంటే ఏడేళ్లు పడుతుంది అన్నాడట త్సుబురాయ. అంత సమయం, డబ్బు లేక, ఒక మనిషికి రబ్బరు తొడుగు వేసి నడిపించాడు. ఆ మనిషి హరువో నకజిమా. తొడుగు బరువు సుమారు 100 కిలోలు. లోపల దీపాల వేడికి ఉడికిపోయేవాడు, విప్పాక చెమట ఒలకబోసుకోవలసి వచ్చేది. జంతుశాలకు పోయి ఏనుగులు, ఎలుగుబంట్లు అడుగు ఎలా వేస్తాయో చూసి నేర్చుకున్నాడు. మన దసరా పులివేషగాడు కూడా ఇదే చేస్తాడు, ఒళ్లంతా రంగు పూసుకుని ఎండలో గంటల తరబడి. వేషం లోపల మనిషి ఉన్నాడని మనకు తెలుసు. తెలిసినా పులి దూకితే వెనక్కి జరుగుతాం.

ఇక ఊరు. టోక్యోను 25వ వంతుకు కుదించి కట్టారు. కిటికీలు, కరెంటు స్తంభాలు, రైలు పట్టాలు అన్నీ. ఆ బొమ్మ ఊరిని కూల్చేటప్పుడు కెమేరాను మామూలు కంటే వేగంగా తిప్పేవారు. సెకనుకు 24 బొమ్మల లెక్కన హాల్లో చూపించేసరికి అంతా నిదానిస్తుంది. అట్టగోడ కూడా మెల్లగా విరిగి పడితే రాతిగోడలా బరువుగా కనబడుతుంది. పెద్దవి నిదానంగా పడతాయి, చిన్నవి టపీమని పడతాయి. ఆ ఒక్క రహస్యం మీద ఆ సినిమా నిలబడింది. ఆ గర్జన కూడా ఏ జంతువుదీ కాదు. సంగీత దర్శకుడు అకిర ఇఫుకుబె పెద్ద వాయులీనం లాంటి వాద్యం తీగను వదులు చేయించి, బంక రాసిన తోలు తొడుగుతో రుద్దించి పుట్టించాడు.

మన బొమ్మల కొలువు పక్కన కట్టే ఊరు జ్ఞాపకం చేసుకోండి. అద్దం ముక్క చెరువు, మొలకెత్తిన రాగులు పొలాలు, అగ్గిపెట్టెలు ఇళ్లు. మనం ఊరిని కడతాం, కూల్చం, అంతే. మన సినిమావాళ్లూ ఆ పనిలో జపానుకు తీసిపోలేదు. 1957 మాయాబజారులో ద్వారకా నగరం బొమ్మ ఇళ్లతో కట్టిందే. దర్శకుడు కె.వి. రెడ్డిగారు, కెమేరా మార్కస్ బార్ట్లే, కళ గోఖలే, కళాధర్. నేను మాయాబజారు మొదట చూసింది మదురైలో, తమిళంలో. అందులో అభిమన్యుడు జెమినీ గణేశన్. తెలుగు మాటలతో చూసింది పెళ్లయి ఇక్కడికి వచ్చిన చాలా ఏళ్లకు. రెండింట్లోనూ ఘటోత్కచుడు మాత్రం ఎస్.వి. రంగారావుగారే, ఆయనకు బదులు ఎవరు దొరుకుతారు? అన్నట్టు, గాడ్జిల్లా వచ్చిన 1954లోనే మన కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో అధిపతి ఎస్.ఎం. శ్రీరాములు నాయుడుగారు ఒకే కథను తమిళంలో ఎం.జి.ఆర్.తో మలైక్కళ్లన్ గానూ, తెలుగులో ఎన్.టి.ఆర్.తో అగ్గిరాముడు గానూ తీసి విడుదల చేశారు. అందులో రాక్షసులు లేరు. ఈ ఊరివాళ్లం కనుక చెప్పకుండా ఉండలేకపోయాను.

మాయాబజారు పెళ్లితో ఆగిపోతుంది. ఆ తర్వాత కథ మా అన్న చెప్పాడు. కురుక్షేత్రంలో రాత్రి యుద్ధం. ఘటోత్కచుడి ధాటికి కౌరవ సేన అల్లాడిపోతుంటే, కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న ఇంద్రుడి శక్తిని వీడి మీద వెయ్యక తప్పలేదు. అది ఒక్కసారే పనిచేస్తుంది. పడిపోతూ కూడా ఘటోత్కచుడు ఒళ్లు పెంచి, కొండలా శత్రుసేన మీద పడి ఒక అక్షౌహిణిని నలిపి చచ్చాడు. వివాహ భోజనం తిన్న ఆ నవ్వు మొహమే అది. నాకు చాలా రోజులు ఆ సినిమా చూడబుద్ధి కాలేదు.

గాడ్జిల్లాను చంపేదీ ఒక్కసారికే పనికివచ్చే ఆయుధమే. సెరిజావా అనే యువ శాస్త్రజ్ఞుడు నీటిలోని ప్రాణవాయువును హరించే సాధనం ఒకటి కనిపెడతాడు. ఇది బయటపడితే బాంబు కంటే ఘోరమవుతుందని దాచి ఉంచుతాడు. ఊరు కాలడం, బడిపిల్లలు శాంతి కోసం పాడటం చూసి మనసు మార్చుకుంటాడు. కాగితాలన్నీ కాల్చేసి, సముద్రం అడుగుకు తానే దిగి, దాన్ని ప్రయోగించి, తన తాడు తానే కోసుకుంటాడు, తన బుర్రలో ఉన్నది కూడా ఎవరికీ దక్కకూడదని. "ఆయన ఎందుకు రాలేదు పైకి?" అని మా వాడు నన్ను రెండు రోజులు అడిగాడు. నేను మూడు రకాలుగా చెప్పాను, మూడూ వాడికి నచ్చలేదు. పెద్దయ్యాక వాడే చెప్పుకుంటాడు.

అన్నీ ఇంత గొప్ప బొమ్మలని నేను అనను. అమెరికావాళ్లు 1956లో మొదటి బొమ్మను కత్తిరించి, మధ్యలో తమ నటుణ్ని ఒకణ్ని అతికించి, బాంబు గురించిన మాటలు చాలావరకు తీసేసి ప్రపంచానికి చూపించారు. రబ్బరు బొమ్మల కుస్తీ అన్న పేరు కొంత అందువల్ల వచ్చింది. కొంత నిజంగానే వచ్చింది. 1973 బొమ్మలో గాడ్జిల్లా తోక మీద జారుకుంటూ వచ్చి రెండు కాళ్లతో తన్నుతుంది. మన హీరోలు గాల్లో తేలుతూ తన్నడం చూసినవాళ్లం కనుక మనకు కోపం రాకూడదు, కానీ నాకు వచ్చింది. మా వాడు మాత్రం దాన్ని నాలుగుసార్లు చూశాడు.

ఒక్క బొమ్మ సంగతి మాత్రం విడిగా చెప్పాలి. 1971లో వచ్చింది, అందులో రాక్షసి పేరు హెడొరా. మురికి మడ్డికి జపాను మాట నుంచి పుట్టిన పేరు. ఫ్యాక్టరీల కాలుష్యం తాగి, పొగ పీల్చి పెరుగుతుంది. రంగులూ పాటలూ కలిసి కాస్త పిచ్చిపిచ్చిగా ఉంటుంది. కానీ మురుగు తేలే ఆ నీళ్లు చూడగానే నాకు నొయ్యల్ కనబడింది. మన కోయంబత్తూరు మీదుగా పారే నది, దిగువన తిరుప్పూరు. అద్దకపు పనివాళ్లు వదిలిన రంగునీళ్లు ఏళ్ల తరబడి దాన్లో కలిశాయి. సాగు కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట ఆ రంగునీళ్ల తొట్టి అయి కూర్చుంది. కింద రైతుల బావులు, పొలాలు పాడయ్యాయి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లన్నీ మూసెయ్యమనేదాకా వచ్చింది. నూలు మిల్లులూ బట్టల వ్యాపారమూ మన ఇళ్లలో ఎందరికి అన్నం పెట్టాయో నాకు తెలుసు. మా ఇంటాయన కూడా ముప్ఫై ఏళ్లు మిల్లు ఉద్యోగమే చేశారు. కాబట్టి "హెడొరాను ఎవరు పుట్టించారు అవ్వా?" అని మా వాడు అడిగితే, నేను వెంటనే ఎవరినో వేలెత్తి చూపలేకపోయాను. "తాత మిల్లు కూడానా?" అన్నాడు. మాది నూలు వడికే మిల్లు, రంగులు వేసేది కాదు అన్నాను. అది నిజమే. కానీ ఆ నూలు తర్వాత ఎక్కడికి పోతుందో వాడు అడగలేదు, నేను చెప్పలేదు.

ఇక చెల్లెమ్మ అడిగిన దానికి నా మాట. వాణ్ని చూడనియ్యి, కానీ ఒంటరిగా చూడనియ్యకు. 1954 నాటిది ముందు నువ్వు చూడు. ఆసుపత్రిలో ఒంటినిండా విషం ఎక్కిన పసిపిల్లను చూపే చోటు ఉంది, తొమ్మిదేళ్లవాడికి పక్కన మనిషి ఉండాలి. ఇంకా చిన్నపిల్లలు ఇంట్లో ఉంటే 1961 మోత్రాతో మొదలుపెట్టు. అది పెద్ద సీతాకోకచిలుక లాంటి పురుగు. చిట్టి అమ్మాయిలు ఇద్దరు పాట పాడి పిలిస్తే, వాళ్లను విడిపించడానికి సముద్రం దాటి వస్తుంది. 1964లో మూడు తలల గిడోరా వచ్చినప్పుడు మోత్రా వెళ్లి పోట్లాడుకుంటున్న మిగతా ఇద్దరికీ నచ్చజెప్పి కలుపుతుంది. అత్తా కోడళ్లు కూర్చుని చూడదగినది. 2023లో వచ్చిన గాడ్జిల్లా మైనస్ వన్ కాస్త పెద్ద పిల్లలకు. యుద్ధం నుంచి బతికి వచ్చినందుకు సిగ్గుపడే ఒక కుర్రవాడి కథ. 35 మంది కళాకారులు కూర్చుని 610 మాయా దృశ్యాలు చేసి, 2024లో ఆస్కారు తెచ్చుకున్నారు. చూస్తున్నప్పుడు అర్థం కానట్టు అడుగుతూ ఉండు. వాడి చేత తెలుగులో చెప్పించుకో. తప్పులు దిద్దకు. మా వాడు "నగరం" అనే మాట రాక "పేద్ద ఊరు" అంటాడు. నాకు అదే బాగుంది.

దసరాకు వాడు మళ్లీ వచ్చాడు. కొలువు మెట్లు కట్టి, పక్కన ఊరు పేర్చి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి, అద్దం చెరువులో మోకాలి లోతున నిలబడి గాడ్జిల్లా. కోడలు తీసెయ్యబోయింది. "దేవుళ్ల ముందు ఇదేమిట్రా?" అని కేకలేసింది. "కుంభకర్ణుడి పక్కన పెట్టానమ్మా" అన్నాడు వాడు. నిజమే, మా అత్తగారి కాలం నాటి నిద్రపోయే కుంభకర్ణుడి మట్టిబొమ్మ ఒకటి ఉంది, చెవి విరిగింది. దాన్ని తెచ్చి చెరువు గట్టున పడుకోబెట్టాడు. పేరంటానికి వచ్చినవాళ్లందరూ ముందు ఆ రెంటినే చూశారు. తీయలేదు మేము.

ఆ సెలవుల్లోనే ఒక పెళ్లికి మదురై వెళ్లాం. ఒత్తక్కడై దగ్గరికి వచ్చేసరికి బస్సు కిటికీ నిండా ఆనైమలై. వాడు ఎప్పుడో మూడేళ్లప్పుడు చూశాడు, గుర్తులేదు. నేను కథ చెప్పాను, మా అన్న చెప్పినట్టే. వాడు చాలాసేపు దాన్ని చూస్తూ ఊరుకున్నాడు. అప్పుడే ముందు ఎడ్లబండి అడ్డం వస్తే మా డ్రైవరు హారన్ మోత మోగించాడు. మా వాడు ఉలిక్కిపడి నా చెవిలో గుసగుసగా అన్నాడు:

"అవ్వా, ఆయన్ని అది కొట్టొద్దని చెప్పు."